పొలము సలహా గడప దాటునా?



వ్యవసాయము పురుషుల వృత్తియని మనము వాడుకగా ననుచుందుము. కాని విత్తనములను ఎండబెట్టి, వేపాకు గలిపి, గాదెలలో దాచువారెవరు? నారు తీయువారెవరు? నాటు వేయువారెవరు? ప్రత్తి యేరుట, మిరపపండ్లు కోయుట, వేరుసెనగ కాయ ఒలుచుట ఎవరి చేతిపనులు? పంట యింటికి వచ్చు దారిలో చాల భాగము స్త్రీల చేతుల మీదుగనే నడచుచున్నది. ఇట్లుండియు, పంటను గూర్చి మంచిమాట చెప్పుటకై ఊరికి వచ్చిన యుద్యోగి చిరకాలము రచ్చబండకడనే నిలిచిపోయెను. ఆ మాట గడప దాటి లోపలికి రాలేదు. ఆ యుద్యోగి పనియు, నేర్పును ఎట్లు మారుచు వచ్చినవో, అందు మన పాలు ఎంతయో ఈ మాసము ముచ్చటించుకొందము.

1952వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ఆరంభమయ్యెను. మరుసటి యేడు జాతీయ విస్తరణ సేవ వచ్చెను. వీనితోడనే గ్రామసేవకుడను క్రొత్త వ్యక్తి పల్లెలలో అడుగుపెట్టెను. కొన్ని గ్రామముల కతడొక్కడే. విత్తనము, ఎరువు, బావి, బాట, పశువు, పాఠశాల, అన్నియు నతని పనులే. స్త్రీల కొఱకు గ్రామసేవిక యుండెడిది. ఆమె పొగలేని పొయ్యిని, శిశుపోషణమును, కుట్టుపనిని నేర్పెడిది. ఇవి మంచివే. కాని పొయ్యి ఆడువారికి, పొలము మగవారికి అను పంపకము అప్పుడే కుదిరిపోయెను.

1960 ప్రాంతమున సాంద్ర వ్యవసాయ పథకమునకై దేశమున మొదట ఎన్నుకొన్న యేడు జిల్లాలలో మన పశ్చిమ గోదావరి యొకటి. మంచి విత్తనము, ఎరువు, పురుగుమందు, అప్పు, వీనినన్నిటిని ఒక్క కట్టగా రైతున కందించుట ఆ పద్ధతి. పైనుండి వచ్చిన మాటను పొల్లుపోకుండ చెప్పుట, ఒక మడిలో పండించి చూపుట, ఇవియే అప్పటి యుద్యోగికి కావలసిన నేర్పులు. తిండిగింజలకై పరదేశపు టోడల కెదురుచూచిన దినములవి. అప్పటి కృషివలన గాదెలు నిండినవి. ఆ మేలు మఱువరానిది.

1970 తరువాత డేనియల్ బెనార్ అను నిపుణుడు ప్రపంచ బ్యాంకు తరఫున శిక్షణ-సందర్శన పద్ధతిని తెచ్చెను. ఉద్యోగి పక్షమునకొకసారి, నిర్ణీత దినమున, ఎన్నుకొన్న కొందఱు రైతులను కలిసికొనవలయును. వారినుండి తక్కినవారికి విషయము పాకునని యాశ. కాని నీరు పల్లమెఱిగినట్లు మాట పల్లమెఱుగలేదు. ఎన్నుకొనబడినవారు తఱచుగ పెద్ద కమతములు గల పురుషులు. వారు విన్నది కౌలుదారునకు, కూలిదానికి, ఇంటి యిల్లాలికి చేరుట యరుదయ్యెను.

మఱియొక చిక్కు కూడ కలదు. పురుగు కనబడగనే మందు చల్లుమను సలహా ఎట్లు బెడిసికొట్టునో సుడిదోమ కథవలన తెలియును. ఈ దోమ వరిదుబ్బు మొదట చేరి రసము పీల్చును. సాలెపురుగు దానికి సహజశత్రువు. ఆలోచింపక మందు చల్లినచో సాలెపురుగులు చచ్చును, దోమ మఱింత విజృంభించును. ఇండోనేషియాలో నిట్లు జరుగగా, 1986లో ఆ ప్రభుత్వము 57 రకముల పురుగుమందులను వరికి వాడరాదని నిషేధించెను. 1989లో రైతుల కొఱకు పొలములోనే బడి పెట్టెను. అదే మన యొద్ద "పొలంబడి" యయ్యెను. ఇందు ఉద్యోగి ఉపన్యాసము చేయడు. రైతులతోపాటు మడిలో దిగి, చెడుపురుగులెన్ని, మేలుచేయు పురుగులెన్ని యని వారిచేతనే లెక్కపెట్టించును. ఏమి చేయవలయునో వారినే తేల్చుకొమ్మనును. చెప్పుటకంటె అడుగుట, వినుట అతనికి ముఖ్యమైన విద్యలయ్యెను.

నాటు వేయునాడే రెండు మీటర్ల కొక కాలిబాట విడిచినచో గాలియు వెలుతురును సోకి దోమ తాకిడి తగ్గునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ బాటను విడువవలసిన వారెవరు? నాటు వేయు స్త్రీలే గదా! వారికి చెప్పక, అరుగుమీద కూర్చున్న యజమానికి చెప్పిన లాభమేమి?

స్త్రీలు విని యూరకుండక తామే బోధకురాండ్రైన యుదాహరణములును మన దేశముననే కలవు. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు చిరుధాన్యముల విత్తనములను కాపాడుటయే గాక, 2008 నుండి తమ రేడియోలో తమ మాటలలోనే సేద్యమును గూర్చి ముచ్చటించిరి. ఆంధ్రప్రదేశమున 2016లో ఆరంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము మహిళా సంఘముల యాసరాతో నడచుచున్నది. తన చేనిలో పండించి చూపిన యిల్లాలే పొరుగువారికి గురువు. 2024లో ఈ కార్యక్రమమునకు గుల్బెంకియన్ బహుమానము లభించినది. మడిలో చేయిపెట్టినవాని మాట మడిలో చేయిపెట్టినవానికే నచ్చును.

నేటి స్థితి యేమి? ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయములలో వ్యవసాయ సహాయకులున్నారు. 2020లో రైతు భరోసా కేంద్రములుగా వెలసినవి తరువాత రైతు సేవా కేంద్రములైనవి. తెలంగాణమున సుమారు అయిదువేల యెకరముల కొక విస్తరణాధికారి, ఒక రైతు వేదిక చొప్పున నేర్పాటు జరిగినది. ఈ యుద్యోగులలో చదువుకొన్న ఆడపిల్లలు ననేకులు. భూసార పత్రమును చదివి చెప్పుట, వాన సూచనను, అంగడి ధరను తెలుపుట, ఫోనులో తీసిన ఆకుబొమ్మను చూచి తెగులు గుర్తించుట, ఇవన్నియు వారి విద్యలే. కాని పంటల నమోదులు, పథకముల జాబితాలు వారి పగటిని మ్రింగివేయుచున్నవి. ఉద్యోగికి తీరిక లేనినాడు రైతు పురుగుమందుల దుకాణమున కేగును. అమ్మువాడే వైద్యుడైనచో మందు తక్కువగా వ్రాయునా? అప్పు పెరిగిన తరువాత ఆ బరువు మన మెడలోని పుస్తెలమీద పడును. కాబట్టి యిది మగవారి వ్యవహారమని మనము విడిచిపెట్టరాదు.

మనము చేయదగిన పనులు కొన్ని కలవు. పట్టా భర్త పేరనున్నను, పొలము పని చేయు స్త్రీ తన ఫోను సంఖ్యను కూడ వ్యవసాయ సహాయకున కీయవలయును. సభ జరుగునాడు కోడలిని, కూతురిని ఇంటిపనికి కట్టివేయక పంపవలయును. సభవేళ వంటవేళకు అడ్డుగా నున్నచో మార్చుమని సంఘము తరఫున అడుగవలయును. మందు కొనుటకు ముందు 1800-180-1551 సంఖ్యకు ఉచితముగ ఫోను చేసి అడుగవచ్చును. 2004లో ఆరంభమైన కిసాన్ కాల్ సెంటరు ఇది. ఊరికి క్రొత్తగా వచ్చిన ఆడపిల్ల యుద్యోగి యైనచో, "నీకేమి తెలియును?" అని నవ్వక, చేనికి వెంటబెట్టుకొని పోయి మన యనుభవమును చెప్పవలయును. ఆమెకు పుస్తకము తెలియును, మనకు మన నేల తెలియును. రెండును గలిసిననే పంటకు మేలు.

ఈ సారి వ్యవసాయ సహాయకుడు మీ వీధికి వచ్చినప్పుడు "ఇంట మగవారు లేరు" అని పంపివేయకుడు. గుమ్మము దగ్గఱ పీట వేసి కూర్చుండబెట్టి, మీరు దాచిన విత్తనములను తెచ్చి చూపి, మీకు గల సందేహమును మీరే యడుగుడు.