మార్చడం మరమ్మతు కాదు

పాత కారు ఇంజను మిస్సింగ్ కొడుతోందనగానే మన దగ్గర జరిగే తంతు ఒకటుంది. బండిని షెడ్డుకు తీసుకెళ్తాం. బానెట్ లేస్తుంది. మెకానిక్ ఒక చెవి అటు వేసి, రెండు సార్లు ఆక్సిలేటర్ లాగి, "ప్లగ్గులు మార్చాలి సార్" అంటాడు. మారుస్తాడు. వారం తిరక్కుండా బండి మళ్ళీ దగ్గుతుంది. ఈసారి ప్లగ్గు వైర్ల వంతు. ఆ పైన కాయిల్, ఆ పైన కార్బొరేటర్ కిట్టు, ఆ పైన పెట్రోలు పంపు. చివరికి "పాత బండి కదా సార్, ఇక ఇంతే, అమ్మేయండి" అన్న తీర్పు. ఈ తంతుకు మనం పెట్టుకున్న ముద్దుపేరు మరమ్మతు. ఇది మరమ్మతు కాదని, మంత్రాలకు చింతకాయలు రాల్చబోవడమని, ఇందులో మెకానిక్ కంటే యజమాని వాటాయే పెద్దదని చెప్పడం ఈ టపా ఉద్దేశం.

ముందుగా మాట స్పష్టం చేసుకుందాం. పెట్రోలు ఇంజనులో ఒక సిలిండరు తన పని తాను చేయాలంటే మూడే మూడు కావాలి: తగినంత ఒత్తిడి, తగిన పాళ్ళలో గాలీ పెట్రోలూ, తగిన క్షణంలో నిప్పురవ్వ. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ సిలిండరులో మంట సరిగా పుట్టదు. అదే మిస్‌ఫైర్. మారుతి 800 ఇంజను 796 సీసీలది, మూడు సిలిండర్లది. ఒకటి మూగబోతే మూడో వంతు బలం పోయి బండి మొత్తం వణుకుతుంది. అంబాసిడర్‌కు, పద్మినికి నాలుగేసి. ఒకటి పోతే పావు వంతు పోయినట్టు. దోషులుగా అనుమానించదగ్గ భాగాలు పాతిక ఉండవచ్చు గాని, అవన్నీ చేరవలసిన గుంపులు మాత్రం మూడే. ఇంత చిన్న పట్టిక చేతిలో ఉండగా చీకట్లో రాళ్ళు వేయవలసిన అగత్యం ఎవరికి?

మన తార్కికులు కారణాన్ని నిర్ణయించడానికి అన్వయ వ్యతిరేకాలు అన్న పద్ధతి చెప్పారు. ఏది ఉంటే ఫలితం ఉంటుందో, ఏది లేకపోతే ఫలితం లేదో, దానినే కారణంగా పట్టుకోవాలి. కుండకూ కుమ్మరి చక్రానికీ మధ్య ఈ విచారణ చేసిన జాతి, కారు షెడ్డు గుమ్మం తొక్కగానే దాన్ని చెప్పులతో పాటు బయటే విడిచిపెట్టడం నాకెప్పటికీ అర్థం కాని సంగతి. ఎందుకంటే మిస్సింగ్ పట్టుకునే విద్య అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

మొదటి ప్రశ్న: ఏ సిలిండరు? ఇంజను నిలకడగా తిరుగుతుండగా ఒక్కొక్క సిలిండరునూ కాసేపు పనిలోంచి తప్పించి చూడాలి. పని చేస్తున్న సిలిండరును తప్పిస్తే ఇంజను వేగం తగ్గి, తడబాటు పెరుగుతుంది. దేన్ని తప్పించినా ఇంజను చలించలేదో, చచ్చి ఉన్నది అదే. పాత కార్బొరేటర్ బండిలో ప్లగ్గు వైరు లాగి చూస్తారు. ఇందులో రెండు జాగ్రత్తలు. రబ్బరు పిడి ఉన్న పట్టకారు వాడాలి. లాగిన వైరును గాలికి వదిలేయకుండా, ఇంజను లోహానికి ఆనించిన పాత ప్లగ్గుకు తగిలించాలి. లేకపోతే ఆ కరెంటు దారి వెతుక్కుంటూ కాయిల్‌నో, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టెనో దెబ్బతీస్తుంది. ఎంపీఎఫ్ఐ బండి అయితే వైరు జోలికి పోకుండా ఇంజెక్టరు కనెక్టరు ఊడదీస్తే చాలు.

రెండో ప్రశ్న: మూడు గుంపుల్లో ఏది? ఇంజను చల్లారాక, చచ్చిన సిలిండరు ప్లగ్గును, బాగున్న సిలిండరు ప్లగ్గును ఒకదాని స్థానంలో ఒకటి బిగించండి. మిస్సింగ్ ప్లగ్గు వెంట వెళ్ళిందా? దోషి ప్లగ్గే. వెళ్ళకుండా పాత చోటే ఉందా? ప్లగ్గు నిర్దోషి. అన్వయ వ్యతిరేకాలంటే ఇంతే. దీనికయ్యే ఖర్చు సున్నా. కావలసినవి ఒక ప్లగ్గు పానా, పావుగంట ఓపిక. తరువాత మల్టీమీటరుతో వైర్ల నిరోధం కొలిచి పోల్చండి; పొడవును బట్టి కొంత తేడా సహజమే గాని, ఒకటి మిగతావాటితో పొంతన లేకుండా ఉంటే అది చెడినట్టే.

విప్పిన ప్లగ్గును ఊరికే పక్కన పడేయకండి. అది లోపలి కబురు మోసుకొచ్చిన దూత. కొన లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు పాలు ఎక్కువైంది. తడిసి పెట్రోలు వాసన వేస్తుంటే లోపల మంటే అంటుకోలేదు. జిడ్డుగా నూనె పట్టి ఉంటే రింగులో వాల్వు సీళ్ళో అరిగాయి. తెల్లగా మాడి ఉంటే గాలి పాలు ఎక్కువై వేడెక్కుతోంది. ఇంత స్పష్టంగా రాసి ఉన్న ఉత్తరాన్ని చదవకుండా చెత్తబుట్టలో వేసి, కొత్త ప్లగ్గు అట్టపెట్టె చింపేవాణ్ణి ఏమనాలి?

రవ్వా పెట్రోలూ బాగున్నాయని తేలితే మిగిలింది ఒత్తిడి. ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ ఆపి, ఆక్సిలేటర్ పూర్తిగా తొక్కి పట్టి, సెల్ఫు కొడుతూ గేజితో కొలుస్తారు. కచ్చితమైన అంకె ఆయా బండి మాన్యువల్ చెబుతుంది; సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజను 150 పీఎస్ఐ దరిదాపుల్లో చూపుతుంది. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి బాగా తక్కువ చూపితే అందులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ తగ్గితే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఇక్కడికి వచ్చిన బండికి వంద ప్లగ్గులు మార్చినా పైసా ప్రయోజనం లేదు.

మూడో ప్రశ్న అసలు అడగవలసిన మొదటి ప్రశ్న కావచ్చు: ఎప్పుడు? వానపొద్దున మాత్రమే మిస్ అవుతుంటే, చెమ్మ పట్టిన వైర్లనో డిస్ట్రిబ్యూటర్ మూతలోని సన్నటి పగులునో చూడాలి. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, నీళ్ళు సన్నగా తుంపరగా చల్లితే దొంగరవ్వలు నీలంగా కళ్ళకే కనిపిస్తాయి. అరగంట నడిచి వేడెక్కాక మొదలైతే కాయిల్ మీద అనుమానం. ఎత్తు ఎక్కేటప్పుడు వస్తే రవ్వ బలహీనమై ఉండాలి లేదా పెట్రోలు చాలకుండా ఉండాలి. నిలబడి ఉన్నప్పుడు వచ్చి, వేగం పుంజుకోగానే సర్దుకుంటే ఎక్కడో దొంగగాలి లోపలికి చొరబడుతోంది. ఈ నాలుగు మాటలూ చెప్పగలిగినవాడు బండి యజమాని ఒక్కడే. ఆ మాటలు అడగని మెకానిక్, అడిగినా చెప్పలేని యజమాని ఇద్దరూ దొరికితే ఇక బండికి దిక్కు లేదు.

మా బంధువొకాయనకు 1999 నాటి మారుతి 800 ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే వణుకు, కదిలితే మామూలు. మూడు సార్లు షెడ్డుకు వెళ్ళి వచ్చింది. ప్లగ్గులు, వైర్లు, కార్బొరేటర్ కిట్టు, పెట్రోలు పంపు వరుసగా కొత్తవయ్యాయి. చివరికి దొరికినది ఏమిటయ్యా అంటే, ఇంజను గాలి పీల్చే మానిఫోల్డ్ దగ్గర ఎండి పగిలిన వేలెడు రబ్బరు గొట్టం. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. "ఆగినప్పుడే వణుకుతోంది" అని ఆయన మొదటి రోజే చెప్పాడు. జవాబు ఆ మాటలోనే ఉంది, వినేవాడే లేడు.

అయితే మార్చగానే బాగుపడ్డ బండ్లు లేవా అంటారు. ఉన్నాయి. కాకి వాలింది, తాటిపండు రాలింది. వైరు ఊడదీసి మళ్ళీ గట్టిగా నొక్కడంతో వదులైన కొస కుదురుకుంటుంది. పేరు మాత్రం కొత్త ప్లగ్గుకు దక్కుతుంది. ఈ కాకతాళీయమే అనుభవంగా చలామణీ అవుతూ, గురువు నుంచి శిష్యుడికి సంక్రమిస్తోంది. ఇరవై ఏళ్ళ అనుభవం అంటే కొన్నిసార్లు ఒకే పొరపాటు ఇరవై ఏళ్ళు చేయడం కూడా కావచ్చు.

ఇక విదేశాల్లోని మిత్రులు, కొత్త బండ్ల మిత్రులు నవ్వుకోవచ్చు: "మా దగ్గర స్కానర్ ఉంది, అది చెప్పేస్తుంది." అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి, మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయిన మాట నిజమే. కాని అది ఏం చెబుతుందో గమనించండి. క్రాంక్ షాఫ్ట్ తిరుగుడులో ఏ సిలిండరు వంతు వచ్చినప్పుడు వేగం మందగించిందో లెక్కగట్టి, పీ0302 అని రాస్తుంది. అంటే రెండో సిలిండరు మిస్ అవుతోంది. ఎందుకు అన్నది అందులో లేదు. మన మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు వచ్చింది. రెండోది, మూడోది అలాగే ఉన్నాయి. ఆ అంకె చూసి నేరుగా కాయిల్ కొనేవాడు షెడ్డు మంత్రగాడికి అమెరికా చుట్టమే. జ్వరమానిని చూసి మలేరియా మాత్ర మింగినట్టు.

ఈ మధ్య మరో సాకు తోడైంది: ఇథనాల్. 2025లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా రావడంతో, ప్రతి మిస్సింగ్‌కూ అదే కారణమని ఒక వర్గం, దానివల్ల ఏమీ కాదని ఇంకో వర్గం గొంతు చించుకున్నాయి. ఇద్దరూ పరీక్షకు ఎగనామం పెట్టినవారే. తెలిసిన సంగతులివి: ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులే, అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను చెడగొట్టగలదు. కార్బొరేటర్ తనంతట తాను పాళ్ళు సవరించుకోలేదు కనుక మిశ్రమంలో గాలి పాలు పెరుగుతుంది. కాబట్టి పాత బండికి ఇది నిజమైన ఇబ్బందే. కాని పెట్రోలు అన్ని సిలిండర్లకూ పోయేది. ఒక్క సిలిండరే మిస్ అవుతుంటే, తప్పు టాంకులో ముందు వెతక్కూడదు. ప్రభుత్వాన్ని తిట్టండి, కారణాలున్నాయి. పగిలిన ప్లగ్గు పాపం మాత్రం దాని ఖాతాలో వేయకండి.

ఇప్పుడు అసలు దోషి దగ్గరకు వస్తాను. ఏ మెకానిక్కయినా గంటసేపు పరీక్ష చేసి, "వైరు కొస వదులైంది, బిగించాను, ఐదు వందలివ్వండి" అన్నాడనుకోండి. మనం ఏమంటాం? "ఏం మార్చావని ఐదు వందలు?" అంటాం. అదే మనిషి పరీక్ష మానేసి, రెండు వేల సామాను బిగించి, పాత సామాను సంచిలో వేసి చేతికిస్తే, మారు మాట లేకుండా డబ్బు లెక్కపెడతాం. వస్తువుకు ధర ఇస్తాం, బుద్ధికి ఇవ్వం. చూసిన చూపుకు వెల లేని చోట ఎవడు చూస్తాడు? రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. ప్లగ్గు చూసి ఇంజను జాతకం చెప్పగలిగిన పెద్ద మేస్త్రీలు వృత్తి వదులుకుంటుంటే, వారి పిల్లలు వద్దంటుంటే, దానికి కారణం కంప్యూటర్లు కాదు, మన బేరసారాలు.

ఇదంతా నాలుగు రూపాయల గొడవ అనుకోవద్దు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారి పట్టి, కాటలిటిక్ కన్వర్టరు ఉన్న బండిలో అక్కడికి వెళ్ళి కాలుతుంది. లోపలి తేనెపట్టు కరిగిపోయేంత వేడి పుడుతుంది. అందుకే ఇంజను దీపం ఆగి ఆగి వెలిగితే బండి ఆపమంటారు. కార్బొరేటర్ బండిలో ఆ పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగి, రింగులను అరగదీస్తుంది. ఇవాళ పట్టించుకోని మిస్సింగ్ రేపు ఇంజను పనికి దారి తీస్తుంది. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 600 నుంచి 5,000 రూపాయలయింది. పాత బండిని నిలుపుకోవడమే ఖరీదైన ఈ రోజుల్లో, వేలెడు గొట్టం కనిపెట్టలేక ఎన్ని మంచి బండ్లు తుక్కుకు పోతున్నాయో ఆలోచించండి.

కాబట్టి నా విన్నపం ఇదొక్కటే. ఈసారి షెడ్డుకు వెళ్ళినప్పుడు "ఏం మార్చాలి?" అని అడగకండి. "ఏ సిలిండరు? ఎలా తెలిసింది?" అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు దొరికితే, అతడు ఏమీ మార్చకపోయినా అడిగినంత కూలి చేతిలో పెట్టి నమస్కారం చేయండి. ఈ మాటలతో విభేదించేవారికి వ్యాఖ్యల తలుపు తెరిచే ఉంది; వచ్చేటప్పుడు మీ బండి ప్లగ్గు కొన ఏ రంగులో ఉందో చూసి మరీ రండి.