డిగ్రీ విద్యార్థినులకూ న్యాప్‌కిన్లు ఇవ్వాలి

బిచ్కుంద ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు చుట్టుపట్ల పల్లెల నుండి ఆడపిల్లలు వచ్చి చదువుకుంటున్నారు. పాఠం మధ్యలో బహిష్టు అయితే అడగడానికి సిగ్గు, ఇంటికి పోదామంటే బస్సు వేళ కాదు.

న్యాప్‌కిన్లపై జీఎస్టీని 2018 జూలైలో ఎత్తివేసినా, కూలి కుటుంబాలకు నెలనెలా కొనడం భారమే. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ప్రారంభించిన ‘స్వేచ్ఛ’ పథకం 7వ తరగతి నుండి ఇంటర్ వరకు చదివే బాలికలకు నెలకు 10 చొప్పున ఉచితంగా ఇవ్వడానికి ఉద్దేశించినది. ఇంటర్ దాటితే ఈ అవసరం తీరిపోతుందా? స్కాట్లండులో 2022 ఆగస్టు నుండి కళాశాలల్లోనూ ఉచితంగా ఇవ్వాలని చట్టమే అమలులో ఉన్నది.

ఎవరినీ అడగనక్కర లేకుండా మరుగుదొడ్ల వద్దనే న్యాప్‌కిన్లు, నీరు, మూతగల చెత్తడబ్బా ఉండాలి. ప్రభుత్వం డిగ్రీ విద్యార్థినుల విషయంలో వెంటనే శ్రద్ధ వహించాలి.