మీట నొక్కితే వచ్చిన బొమ్మట!

"మెషీను గీసిన దాంట్లో ఆవిడ గొప్పేముందండీ?" అంటారు. వెరా మోల్నార్ పేరెత్తితే చాలు, చదువుకున్నవాళ్ళ నోట కూడా ఇదే మాట. నాకు ఒళ్ళు మండుకొస్తుంది. రోట్లో నూరితేనే మన పచ్చడి, మిక్సీలో వేస్తే అది మిక్సీ చేసిన పచ్చడి అనే రకం వీళ్ళు. ఉప్పూ పులుపూ చూసుకున్నదెవరో వాళ్ళకి అక్కర్లేదు.

మోల్నార్ 1924లో బుడాపెస్టులో పుట్టింది. 1947లో పారిస్ వెళ్ళి అక్కడే ఉండిపోయింది. 1959 నుంచి, యంత్రమన్నదే లేకుండా, 'ఊహాయంత్రం' అని పేరు పెట్టుకుని, తనకు తానే నియమాలు విధించుకుని, వాటి ప్రకారం గీతలు గీసింది. 1968లో పరిశోధనశాలలోని నిజం కంప్యూటరు అందింది. అప్పటి కంప్యూటరంటే ఇప్పటి ఒళ్ళోపెట్టె కాదు, చూసుకోవడానికి ఎదురుగా తెరైనా లేదు. ఫోర్ట్రాన్ భాషలో ఆజ్ఞలు రాసి, చిల్లులు పొడిచిన అట్టముక్కల మీదుగా లోపలికి పంపిస్తే, ప్లాటరనే యంత్రం కలం పట్టుకుని కాగితం మీద గీసేది. అది గీసేదాకా ఏం వస్తుందో తెలియదు. మీట నొక్కడమట, మీట!

ఇంతకీ యంత్రాన్ని ఆవిడ అడిగిందేమిటి? ఒకదాన్లో ఒకటి ఇమిడిన చతురస్రాలు, వాటిలో కాస్త తప్పు. 'ఒక్క శాతం గందరగోళం' అని ఆవిడే అనేది. యంత్రానికి తప్పుచెయ్యడం రాదు గనుక తప్పుని కూడా కొలిచి పొయ్యాలి. ఎక్కువైతే చెత్తకుప్ప, అసలు లేకపోతే గచ్చునేల. ఎక్కడ ఆపాలో కన్ను చెప్పాలి. ఆ కన్ను ఎవరిదనుకున్నారు? చుక్కల లెక్క అందరికీ ఒకటే అయినా, వాకిలి చూసి ముగ్గు ఎవరు వేశారో చెప్పెయ్యమూ మనం!

నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం వాళ్ళమ్మ ఉత్తరాలు. బుడాపెస్టు నుంచి ఆ తల్లి కూతురికి వారం వారం ఉత్తరం రాసేది. ఎడమపక్క పొందిగ్గా మొదలైన వరస కుడిపక్కకి వచ్చేసరికి కుదురు తప్పేది. వయసు మీదపడుతున్నకొద్దీ ఆ కుదురు మరీ తప్పింది. ఆ దస్తూరీని కూతురు 1981 నుంచి 1990 దాకా కంప్యూటరు చేత గీయించింది. ఆ బొమ్మల వరసకి పేరే 'మా అమ్మ ఉత్తరాలు'. అందులో ఒక్క అక్షరం చదవడానికి రాదు. అన్నీ వంకరగీతలే. అయినా ఉత్తరమని తెలిసిపోతుంది, రాసే చెయ్యి నిలకడ తప్పుతోందనీ తెలిసిపోతుంది. ఆ వణుకు యంత్రానికి దానంతటది వచ్చిందా? ఎంత ఒరగాలి, ఎక్కణ్ణించి పట్టు సడలాలి అని కూతురు చెబితే వచ్చింది. మనమూ అమ్మ ఉత్తరాలు చదివినవాళ్ళమే. ఉభయకుశలోపరి అయ్యాక సంగతులేమిటా అని చూసి, మడిచి బీరువాలో పెట్టేశాం. అమ్మ చెయ్యి ఏ పంక్తిలో అలిసిపోయిందో ఎవరం చూశాం?

ఇప్పుడింకో జట్టు బయల్దేరింది. రెండు ముక్కలు చెప్పి కృత్రిమ మేధ చేత బొమ్మ వేయించుకుని, మోల్నార్ తమకి పెద్దదిక్కు అంటారు. ఆ చుట్టరికం నేనొప్పుకోను. ఎవరెవరో గీసిన లెక్కలేనన్ని బొమ్మలు నమిలి పెట్టిన ముద్ద అది. ఆవిడ యంత్రానికిచ్చిన నియమాలు ఆవిడవి. తప్పు మోతాదు ఆవిడది. వచ్చినవాటిలో ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో తేల్చిందీ ఆవిడే.

మొదటి సొంత ప్రదర్శన 1976లో లండన్‌లో, 52 ఏళ్ళ వయసులో. 2022లో వెనిస్ బినాలేలో బొమ్మలు పెట్టేనాటికి ఆవిడకి 98. నూరో పుట్టినరోజు నెలరోజులుందనగా, 2023 డిసెంబరు 7న పోయింది. పారిస్ పాంపిడూ కేంద్రంలో ఆవిడ పెద్ద ప్రదర్శన తలుపులు తెరిచింది 2024 ఫిబ్రవరిలో. మెషీను గీసిందని తోసేసినవాళ్ళని ఈ ఆలస్యానికి లెక్క చెప్పమనండి, చూద్దాం.