హద్దురాయి చెప్పని వాటా

సోమందేపల్లె చుట్టుపక్కల వేరుశనగ పండిన మెట్ట చేలు ఇప్పుడు సెంట్ల లెక్కన అమ్ముడవుతున్నాయి. 2017లో పక్కనే పెనుకొండ మండలం ఎర్రమంచికి కియా కార్ల ఫ్యాక్టరీ ఖరారయ్యాక ఈ రహదారి వెంట భూమి ధరలు పెరిగాయి. పొదుపు డబ్బో, మెడలో బంగారమో పెట్టి ప్లాటు కొనే స్త్రీలకు అందరూ చెప్పే సలహా ఒకటే: హద్దులు చూసుకో, ఈ.సీ. తీయించుకో. మంచి సలహానే, కానీ సగమే.

ఎఫ్.ఎం.బి. అంటే సర్వే నంబరు కొలతల పటం. దాని ప్రకారం సర్వేయరు చేత కొలిపించి రాళ్లు సరిపోయాయో లేదో చూడాలి. అడంగల్, 1-బి చూడాలి. భూమి 22-ఎ నిషేధిత జాబితాలో లేదని తేల్చుకోవాలి. అయితే ఈ.సీ.లో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. ఇంట్లో మాట మీద జరిగిన పంపకం కనిపించదు.

కాగితాలు భూమి ఎక్కడ, ఎంత అని చెబుతాయి. అందులో ఎవరెవరికి వాటా ఉందో చెప్పవు. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు మన రాష్ట్రం 1986లోనే సమాన హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్లయినవారికీ ఇచ్చింది. అది పుట్టుకతో వచ్చే హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా పాసుపుస్తకాలు ఎక్కువగా అన్నదమ్ముల పేరనే ఉంటున్నాయి.

1923 నాటి సర్వే, హద్దుల చట్టం ప్రకారం హద్దు నిర్ణయంపై నోటీసు అందేది రికార్డులో పేరున్న హక్కుదారుకే. సర్వే పూర్తయినట్టు ప్రకటించాక దాన్ని సవాలు చేస్తూ కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లే గడువు. పేరే లేని ఆడబిడ్డకు కబురు తెలిసేదెప్పుడు? 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే కొలిచే పద్ధతిని మార్చింది. ఈ మౌనాన్ని మాత్రం మార్చలేదు.

అందుకే కొనేముందు అమ్మేవారి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం అడగాలి. అక్కచెల్లెళ్లు అమ్మకం దస్తావేజులో సంతకం చేయాలి, లేదా రిజిస్టరైన హక్కు విడుదల పత్రం ఉండాలి. పసుపుకుంకుమల పేరుతో చీర పెట్టి తెల్లకాగితం మీద తీసుకున్న వేలిముద్ర చాలదు. రేపు ఆమె తన వాటా కోసం దావా వేస్తే, నష్టపోయేది కష్టార్జితం పెట్టి కొన్న మరో స్త్రీ. తగవు ఇద్దరు ఆడవాళ్ల మధ్య మిగులుతుంది, డబ్బు అన్నదమ్ముల దగ్గర ఉంటుంది.

సర్వే నోటీసు వారసులందరికీ, ఆడబిడ్డ అత్తగారి ఊరికి సైతం, చేరాలని మనం అడగాలి. కొనేవారి భద్రతకూ, పుట్టింట్లో ఆమె హక్కుకూ దారి ఒకటే.