న్యాయపీఠంపై తెలుగు ఆడపడుచు

మిర్యాలగూడ కోర్టు వరండాలో ఎప్పుడైనా కాసేపు నిలబడి చూశారా? పొలం తగాదా మీద వచ్చినవాళ్ళు అక్కడా పోట్లాడుతూనే వుంటారు. కాపురం తగాదా మీద వచ్చినవాళ్ళు మాత్రం తల వంచుకు కూర్చుంటారు. పిల్లవాడు తల్లి దగ్గరా, తండ్రి దగ్గరా అన్న ప్రశ్నకు అరిచి చెప్పే జవాబు లేదు గదా!

ఈ బాధ సముద్రాలకవతలా వున్నదే. దేశం కాని దేశంలో స్థిరపడినవాళ్ళకు కోర్టు గుమ్మం మరింత ఎత్తు. అక్కడి చట్టం తెలియదు, గోడు చెప్పుకోను మాట చాలదు.

కాలిఫోర్నియాలో అటువంటి కుటుంబ వ్యాజ్యాలలో అనుభవం గడించిన న్యాయవాది శ్రీమతి జయ బాడిగ. విజయవాడలో పుట్టారు. ఉస్మానియాలో పట్టా పుచ్చుకుని, అమెరికా వెళ్ళి బోస్టన్‌లో ఎం.ఏ. చేశారు. అంతటితో చాలుననుకోలేదు; శాంటా క్లారా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 2009లో బార్ పరీక్ష నెగ్గారు. 2022లో సాక్రమెంటో కోర్టు కమిషనరయ్యారు. 2024 మే నెలలో గవర్నరు ఆమెను జడ్జీగా నియమించారు. ఆ రాష్ట్రంలో జడ్జీ అయిన తొలి తెలుగు మహిళ ఆమేనని పత్రికలు రాశాయి. ప్రమాణస్వీకార సభను ఆమె తెలుగు పలకరింపుతోనే ప్రారంభించారు.

మన రాష్ట్ర హైకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తిగా శ్రీమతి అమరేశ్వరి 1978లో పీఠమెక్కారు. ఇంటి గడ్డ మీదే అంత కాలం పట్టింది!

"ఒక డిగ్రీ అయిందిగా, ఇంకా చదువెందుకే?" అని అమ్మాయిని అడగబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. బెదురుతూ కోర్టు గుమ్మమెక్కే వాళ్ళకు, ఒకనాడు తమలాగే కొత్తగా వచ్చినావిడ పీఠం మీద కనిపిస్తే ఎంత ధైర్యం!