కంపెనీ మారినా బోనస్ మనదే

ఇప్పుడు మా పొదిలిలాంటి ఊళ్ళల్లో కూడా ఇంటి ముందు కారు కనిపించడం వింతేం కాదు. పెట్రోలు ఖర్చు అందరం చూసుకుంటాం గానీ, ఏడాదికోసారి కట్టే ఇన్సూరెన్సు కాగితాన్ని మాత్రం మగవాళ్ళ వ్యవహారమని బీరువాలో పడేస్తాం. ఈసారి దాన్ని తీసి చదవండి. అందులో 'నో క్లెయిం బోనస్' అని ఉంటుంది. మన ఇంటి డబ్బు ఉన్నది అక్కడే.

ఏడాదంతా క్లెయిం చేయకపోతే మరుసటేడు ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. వరసగా రెండేళ్ళయితే 25, మూడేళ్ళకు 35, నాలుగేళ్ళకు 45, అయిదేళ్ళకు 50 శాతం. ఈ తగ్గింపు మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగానికే. చట్టప్రకారం కట్టి తీరాల్సిన థర్డ్ పార్టీ భాగంలో రూపాయి కూడా తగ్గదు. మొదటి భాగం 6,000 రూపాయలనుకోండి, అయిదేళ్ళకు 3,000 మిగులుతాయన్నమాట.

వేరే కంపెనీకి మారితే ఇదంతా పోతుందని చాలామంది భయం. పోదు. బోనస్ యజమానిది. పాత పాలసీ, రెన్యువల్ నోటీసు చూపిస్తే కొత్త కంపెనీలోనూ అదే శాతం వస్తుంది. కారు అమ్మేసినా బోనస్ కొన్నవాళ్ళకు వెళ్ళదు. పాత కంపెనీ దగ్గర కాగితం రాయించుకుంటే మూడేళ్ళలోపు మన కొత్త కారుకు వాడుకోవచ్చు. యజమాని కాలం చేసి, కారు భార్య పేరుకో పిల్లల పేరుకో మారితే ఆ బోనస్ వాళ్ళకు వస్తుంది. ఆడవాళ్ళం తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇది.

మారేముందు ఈ జాగ్రత్తలు తీసుకోండి:

* గడువు తీరకముందే మారండి. తీరాక 90 రోజులు దాటితే బోనస్ మొత్తం పోతుంది. ఈలోగా ప్రమాదం జరిగితే ఆ ఖర్చంతా మనదే.

* క్లెయిం చేసి ఉంటే దాచకండి. "ఏం కాదమ్మా, లేదని రాసేద్దాం" అని ఏజెంటు అన్నా ఒప్పుకోవద్దు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడుగుతుంది. అబద్ధమని తేలితే, రేపు కారు నుజ్జయినా మన బండి నష్టం కింద పైసా రాదు.

* చిన్న సొట్టకు క్లెయిం చేసేముందు లెక్క వేయండి. బాగుచేయించడానికి 1,500 అయ్యేచోట 3,000 బోనస్ పోగొట్టుకోవడం తెలివి కాదు. ఒక్క క్లెయింతో బోనస్ సున్నాకొచ్చి, మళ్ళీ 20 నుంచి మొదలవుతుంది.

కందిపప్పు ధర నాలుగు కొట్లలో అడిగి కొనేవాళ్ళం. ప్రీమియం రెండు మూడు కంపెనీల్లో అడగడానికి మొహమాటం దేనికి? అడిగేటప్పుడు మన బోనస్ శాతం ముందే చెప్పండి.