రుషికొండకు ఓమందూరు పాఠం
సర్కారు మారితే భవనం పని మారుతుంది.. బిల్లు మాత్రం జనానిదే!

నెమిలి: విశాఖ వెళ్లొచ్చిన మనవాళ్లను రుషికొండ గురించి అడిగి చూడండి. పాతికేళ్ల వయసు దాటినవాళ్లయితే బీచ్ పైన కొండమీదున్న హరిత రిసార్టు గురించి చెబుతారు. కిటికీ తెరిస్తే సముద్రం. ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ నడిపిన ఆ రిసార్టులో పిల్లాపాపలతో దిగినవాళ్లు ఎందరో. ఇప్పుడది లేదు. 2021లో కూల్చేశారు.

కూల్చివేత నుంచి కోర్టు దాకా..

కొత్త పర్యాటక ప్రాజెక్టు కడతామని 2021లో కేంద్ర పర్యావరణ శాఖ నుంచి తీర మండలి అనుమతి తెచ్చుకున్నారు. కొండ తవ్వకంపై గొడవ రేగింది. 2022 మేలో జాతీయ హరిత ట్రైబ్యునల్ పనులు ఆపమంది. జూన్ 1న సుప్రీంకోర్టు ఆ విచారణను పక్కనపెట్టి, హైకోర్టే తేల్చాలంది. అంతవరకూ పాత కట్టడాలున్న చోట, అప్పటికే చదును చేసిన చోట మాత్రమే కట్టుకోమంది. హద్దు దాటి తవ్వారని ఆ తర్వాత కేంద్ర కమిటీ తప్పుబట్టింది.

వేంగి, కళింగ, గజపతి, విజయనగర అని భవనాలకు పేర్లు పెట్టారు. ఖర్చు 400 కోట్ల పైమాటే. 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. జనాన్ని మాత్రం రానివ్వలేదు. జూన్‌లో ప్రభుత్వం మారాక తలుపులు తెరిస్తే పాలరాయి, విశాలమైన స్నానాల గదులు టీవీల్లో కనబడ్డాయి. ముఖ్యమంత్రి కోసమే కట్టిన ప్యాలెస్ అని తెలుగుదేశం, ప్రభుత్వ స్థలంలో ప్రభుత్వ ఆస్తే కదా అని వైఎస్సార్ కాంగ్రెస్ వాదించుకున్నాయి.

వాడకం ఎందుకు కష్టం?

వాదన ఎవరిదైనా సముద్రపు గాలి ఆగదు. ఆ ఉప్పు ఇనుమును తింటుంది, ఏసీలను, లిఫ్టులను పాడుచేస్తుంది. మూసిపెట్టినా కాపలా, కరెంటు, మరమ్మతుల ఖర్చు తప్పదు. పోనీ హోటల్ చేద్దామంటే హాళ్లు పెద్దవి, గదులు తక్కువ. గదుల అద్దెతో బతికే హోటల్ కంపెనీకి ఇది గిట్టుబాటయ్యేనా? గదులు పెంచాలంటే మళ్లీ కొండ జోలికే పోవాలి. ఏం చేయాలో తేల్చమని 2025లో ప్రభుత్వం మంత్రుల కమిటీ వేసి, జనం సలహాలూ అడిగింది.

చెన్నైలో ఏం జరిగింది?

ఇలాంటి కథ మనం కళ్లారా చూసిందే. మద్రాసు ప్రధానిగా చేసిన ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ పేరున్న ఎస్టేటులో కరుణానిధి సర్కారు కొత్త అసెంబ్లీ, సచివాలయం కట్టింది. 2010 మార్చిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. మరుసటి ఏడాది గెలిచిన జయలలిత ఆఫీసులను తిరిగి సెయింట్ జార్జి కోటకు మార్చేశారు. ఇది కక్ష అన్నవాళ్లున్నారు, కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. చివరికి 2014 ఫిబ్రవరిలో అది మల్టీ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి అయింది. సచివాలయాన్ని ఆస్పత్రిగా మార్చడానికి మళ్లీ డబ్బు పోశారు. అయితేనేం, నేడు పేదవాడు గుండె చూపించుకోవడానికి ఆ గుమ్మమే ఎక్కుతున్నాడు.

రుషికొండకు ఆస్పత్రే కావాలని కాదు. మ్యూజియమో, సభామందిరమో, హోటలో.. ఏదైనా కానీయండి. కూల్చిన రిసార్టులో మామూలు కుటుంబానికి చోటుండేది. అదే అసలు లెక్క. ఎవరికిచ్చినా టికెట్ కొనుక్కుని కొండెక్కి సముద్రం చూసే హక్కు జనానికి మిగలాలి. ఆ షరతు ఒప్పందంలో రాయకపోతే పోయిన కొండ, పోయిన కోట్లు రెండూ దండగే!